సొల్యూషన్ ట్యూబు

సైకిలు లేకుండానే వచ్చినాడు ఆ పిల్లోడు.
"అన్నా, సొల్యూషన్ ట్యూబు ఒకటి."
ఇచ్చినా.
కర్నూలు బి.క్యాంపులో నా పంక్చరంగడికి
పొద్దున తొమ్మిదికే ఎండ వచ్చి కూచుంటాది,
గిరాకీ రాదు.
వచ్చినోన్ని బండి యాడుందని అడిగే బుద్ధి
నాకు పుట్టలేదు.

వారానికొకటి. తర్వాత రెండు.
తర్వాత వాని వెంట ఇంకో ఇద్దరు.
షావుకారు నవ్వినాడు,
"ఏం మౌలాలీ, రోడ్లనిండా మేకులేనా?"
నేనూ నవ్వినా.
ఆ నవ్వు ఇప్పుడు పంటి కింద రాయి.

ఒకరోజు మాపటేల
హాస్టలు వెనక, కూలిన గోడ పక్కన చూసినా.
ముగ్గురు. చేతిరుమాళ్లు.
నడిమధ్యలో వాడు,
కండ్లు తెరిచే ఉండాయి, లోపల ఎవరూ లేరు.
ఇరవై ఏండ్ల నుంచి నా చేతులకుండే వాసన,
అన్నం కాడ మా ఆవిడ విసుక్కునే వాసన,
వాని గుడ్డలో.

మర్నాడు "లేదు" అన్నా.
అట్టపెట్టె ఎదురుగానే ఉంది, వాడూ చూసినాడు.
ఏమీ అనలేదు.
రోడ్డు దాటి అవతలంగట్లో కొనుక్కున్నాడు.
అదీ చూసినా.

మళ్లీ కనపడితే కేకేసినా:
"బండి తీసుకురా, ఊరికే అతికిస్తా."
బండి యాడిది వానికి!
పేరు ఉరుకుందు. కోసిగి కాడ పల్లె.
అమ్మా నాయనా మిరపకాయలు కోసేకి గుంటూరు పోయినారు.
ఆదివారం ఫోను వస్తాది.
"బాగుండావా?" "బాగుండా."
వారమంతా వాడు నోరు తెరిచి మాట్లాడేది ఆ ఒక్క మాటే,
అదీ అబద్ధం.

తొట్టి ముందర కూచోబెట్టినా.
గాలి కొట్టిన ట్యూబు చేతికిచ్చి
"ముంచు" అన్నా.
"ఏమీ రాల్యేదన్నా."
"తొందరపడాకు. కొన్ని బొక్కలు
ఒత్తితే గానీ పలకవు."
చాలాసేపటికి ఒక్క బుడగ.
దాన్ని చూసి వాడు ఎందుకు ఏడ్చినాడో
నేను అడగలేదు.

పెద్దాసుపత్రికి నా మోపెడ్ మీదనే పోతిమి.
చీటీ రాసే ఆయమ్మ అడిగింది,
"నీకేమైతాడు?"
తమ్ముడందామనుకున్నా, కొడుకందామనుకున్నా.
"గిరాకీ" అన్నా.
నోరు జారి నిజమే వచ్చింది.

ఇప్పుడు ట్యూబులు తాళమేసిన పెట్టెలో ఉంటాయి.
ఎవరొచ్చినా ముందు బండి చూపియ్యల్ల.
అవతలంగడి రాముడు మొదట ఎగతాళి చేసినాడు,
వాని కొడుకూ ఇంటర్ చదువుతాండాడని గుర్తు చేసినా.
ఎగతాళి ఆగింది. అమ్మకం ఆగిందో లేదో తెలీదు.

ఉరుకుందు కాలేజీ అయినాక వస్తాడు.
పోయిన వారం రెండు దినాలు రాలేదు.
రాత్రి పదకొండు దాకా షట్టరు సగమే దించి
రోడ్డు చూసుకుంటా కూచుంటి.
మూడోనాడు వచ్చినాడు,
యాడికి పోయింటివని నేను అడగలేదు,
వాడు చెప్పలేదు.
చొక్కా చేతులు మడిచి
తొట్టిలో నీళ్లు మార్చినాడు.