అసలు, నకలు

ముందు కూర్చో, అరామ్.
ఆ బెంచీకి ఒక కాలు పొట్టి, గోడవైపు జరుగు.
కవరు ఇటివ్వు. చింపకు.
చింపినవాళ్లంతా వారం తిరక్కుండా
ముక్కలేరుకుని జిగురుసీసాతో నా దగ్గరికే వచ్చారు.

ఇరవై రెండేళ్లుగా ఈ గొడుగు కింద,
డకార్ మెదీనాలో, పోస్టాఫీసు మెట్ల పక్కన,
పరాయివాళ్ల ప్రయాణాలు టైపు కొడుతున్నాను.
నేను దాటిన సముద్రం గోరే దీవి దాకానే.
అయినా ఏ గడిలో ఏ అబద్ధం ఇమడదో
ఒక్క చూపులో చెప్పగలను.

చదువుతాను, విను.
కారణాలు వరసగా అచ్చేసి
ఒక్కదాని ముందు గీత పెట్టారు:
వెళ్లినదానివి తిరిగొస్తావని నమ్మకం కుదరలేదట.
అంతే. సంతకం కూడా సగమే.

నవ్వకు.
సరే, నవ్వు.
తెల్లారుజామున నాలుగింటికి పొయ్యి రాజేసి
అరగంటకోసారి చేప తిరగెయ్యకపోతే
సరుకంతా బొగ్గయిపోయే మనిషి
అక్కడెక్కడ ఉండిపోతుందనుకున్నారో!
చేపలు తిప్పడానికి ఫారంలో గడి లేదు.
'స్వయం ఉపాధి' అని కొట్టాను.
తప్పు నాదే కావొచ్చు.

ఇక చెయ్యాల్సినవి.
డబ్బు మొదట.
ఖాతాలో మూణ్ణెల్లు నిద్రపుచ్చిన ఎనిమిది లక్షల ఫ్రాంకులు
నీవి కావని నాకు తెలుసు, బ్యాంకుకు తెలుసు,
గాజు కిటికీ వెనకాల కుర్రాడికీ తెలిసే ఉంటుంది.
కబురు నడవకముందే నువ్వు నడువు.
చీటీ ఆడవాళ్లది చీటీ ఆడవాళ్లకి,
పడవాయనది పడవాయనకి.
బాకీ చేతిలో పెట్టి చెప్పిన చెడ్డ కబురు
సగమే చెడ్డది.
తర్వాత బింతా కోటు. పాపం, చలి మొహం చూడని కోటు.
చేపల పొగ పట్టకముందే ఇచ్చెయ్.

ఫీజు మాటెత్తకు.
మనం తిరిగొస్తామా అని వాళ్లకు అనుమానం.
అది తిరిగిరాదని మనకు నమ్మకం.

అప్పీలుకు గడువుంది. కావాలంటే రేపే కొడతాను.
మళ్లీ ఎప్పుడైనా అడిగితే,
'ఇదివరకు తిరస్కరించారా' అన్న చోట
అవుననే రాయాలి. దాస్తే
మూసిన తలుపుకి మనమే గొళ్లెం పెట్టినట్టు.

ఇదిగో, సైదూ టీ తెచ్చాడు.
మొదటి గ్లాసు చేదుగానే ఉంటుంది.
మూడోది తాగేదాకా ఏదీ ఖాయం చేసుకోకు.

ఆమె తాగలేదు.
"ప్రయాణం ఎందుకని అడిగినచోట ఏం కొట్టావు?"
బంధువుల్ని చూడటానికి, అన్నాను.
"నేను చెప్పింది అది కాదుగా."

కాదు.
తొమ్మిదేళ్ల కిందట, తల్లి పోయిన నలభయ్యో రోజున,
ఒక ఇత్తడి బేసిన్ దగ్గర
చెల్లెల్ని అనకూడని మాట అంది అరామ్.
ఆ పిల్ల ఇప్పుడు మార్సెయ్‌లో జడలల్లే దుకాణం నడుపుతోంది.
ఫోన్‌లో ఆ మాట దగ్గరికొచ్చేసరికి
లైను తెగుతుంది,
లేదా తెగిందని ఇద్దరూ అనుకుంటారు.
గుమ్మంలో నిలబడి చెబుదామనుకుంది.
ఆరు రోజులు చాలనుకుంది,
ఐదు రోజులు ధైర్యానికి, ఒకటి మాటకి.
దానికీ గడి లేదు.

"ఈ కాయితం నకలుకి ఎంత?"
యాభై ఫ్రాంకులు.
"ఒకటి తియ్యి. నకలు నీ దగ్గర పెట్టుకో.
అసలుది దానికి పంపు."

తోడుగా ఏం రాయమంటావు?

గొడుగు నీడ టైపు మిషను మీంచి
దిగిపోయేదాకా ఆలోచించింది.
"ఏం వద్దు. నా పేరుంది, తేదీ ఉంది, ముద్ర ఉంది.
గేటు దాకా వచ్చానని
అది చదువుకుంటుంది."

పొయ్యి వేళయిందని లేచి వెళ్లింది,
కాలు పొట్టి బెంచీ ఒకసారి ఊగి ఆగింది.

కవరు తూచాను. ఇరవై గ్రాములకు లోపే.
స్టాంపు నా ఖర్చు.
నకలు ఫైల్లో పెడుతూ చూశాను:
ఇంకు తగ్గిన మిషను కదా,
కారణాలన్నీ వచ్చాయి గానీ
గీత మాత్రం పడలేదు.