ఎక్స్‌ఛేంజి తాళం చెవి

తాళం చెవి ఇంకా నా దగ్గరే ఉంది.
ఎవరూ అడగలేదు.
గొళ్ళెం మార్చారు, తలుపు మార్చారు,
తలుపుకి పసుపు రంగేశారు.
నాక్‌బ్రాన్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ఇప్పుడు
రాత్రికి నూట ఇరవై యూరోల విడిది.
యంత్రాలన్నీ కుదించి రోడ్డు పక్కన
ఆకుపచ్చ పెట్టెలో పెట్టి పోయారు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మెట్టు మీదే
బూట్ల బురద గీసుకున్నాను.
మేయోలో వాన అడ్డంగా కురుస్తుంది,
గొడుగు తెచ్చినవాణ్ణి చూసి ఊరు నవ్వుకుంటుంది.
ఆ వానలో రాగి జత ఒకటి నానిందంటే
పెనం మీద నీటిచుక్క చప్పుడు.
"మలకీ, లైనులో మళ్ళీ ఏదో వేగుతోంది"
అనేవాళ్ళు జనం.
నిచ్చెన భుజానేసుకుని వెళ్ళేవాణ్ణి.

కంపెనీ సర్కారుదిగా ఉన్నప్పుడు
మేనమామని తిట్టుకున్నట్టు తిట్టుకునేవాళ్ళం.
తర్వాత టీవీలో చెప్పారు,
ఇది మీదే, వాటాలు కొనుక్కోండని.
మాదాన్ని మేమే కొనుక్కోవడం వింతగా తోచింది గానీ
కొన్నాను. కొట్టం కప్పుకని దాచిన డబ్బు.
కొట్టం ఇప్పటికీ కురుస్తోంది.

మొదట డబ్లిన్‌లో పెద్ద భవనం అమ్మారు,
అమ్మి, దాంట్లోనే అద్దెకున్నారు.
తర్వాత వ్యాన్లు.
తర్వాత కొండ మీది టవరు.
కప్పులోంచి టీ ఎగిరిపోయే గాలిలో
దాని పునాదికి కాంక్రీటు కలిపింది నేనూ, ఫిన్‌టనూ.
కంపెనీ చేతులు మారిన ప్రతిసారీ
దాని మెడకి కొత్త అప్పు,
కొన్నవాడు కొనడానికి చేసిన అప్పు.
పెళ్ళికొడుకు సూటు బాకీ
పెళ్ళికూతురి పేర రాసినట్టు.

ఫైబరు ఎప్పుడేస్తారని అడిగితే
మీటింగులో ఓ కుర్రవాడు తెర మీద బొమ్మ చూపించి
"ఆస్తుల్లోని విలువను విడిపిస్తున్నాం" అన్నాడు.
ఎవరు కట్టేశారు నాయనా దాన్ని?
నవ్వాడు. మంచి పిల్లాడే.
మా నాన్న బంగాళాదుంపలు పండించేవాడు.
ఏ చలికాలం ఎంత ఆకలేసినా
విత్తనపు దుంపల గోతాం మూతి విప్పలేదు.
తెర మీద ఆ గోతాం లేదు.

డింప్నా కెవెనీ మగ్గం మీద శాలువాలు నేస్తుంది.
ఒసాకాలో ఓ దుకాణం వాటిని అడుగుతుంది.
రాత్రి పదకొండుకి ఫొటోలు పంపే మీట నొక్కి పడుకుంటే
తెల్లారి తొంభై నాలుగు శాతం దగ్గర ఆగి ఉంటుంది.
ఏడో స్తంభానికి గొర్రె ఒకటి వీపు రుద్దుకుంది.
అంతే.
ఆమె కూతురు హోంవర్కు పంపేది
పదకొండు మైళ్ళవతల, టైర్ల షాపు ముందు, కార్లోంచి,
అద్దానికి పట్టిన ఆవిరి మీద
వేలితో లెక్కలు సరిచూసుకుంటూ.

పోయిన మంగళవారం విడిది యజమానురాలు పిలిచింది.
ఎన్ని పూతలేసినా గోడలో గుంటలు తేలుతున్నాయట.
ఫ్రేము బిగించిన బోల్టుల గుంటలు.
వేలు పెట్టాను.
దీని పక్కన క్రీమరీ లైను.
దీని కింద డాక్టరుది, కాన్పుల రాత్రులన్నీ ఇటే పోయాయి.
ఇక్కడ బ్రైడీ హెరాటీ.
తమ్ముడు గ్లాస్గోలో పరంజా మీంచి పడ్డాడన్న కబురు
ఇంట్లో మోగకముందు ఈ గోడ దాటింది.
ఆమె ఓపిగ్గా విని
"పుట్టీ పెడితే పోతాయా?" అంది.
పోతాయి, అన్నాను.

లోపలి గదిలో దిగిన జర్మన్ కుర్రాడొచ్చి
వైఫై పాస్‌వర్డ్ అడిగాడు.
ఆమె నా వైపు చూసింది.
పాత అలవాటు, లేచాను.
బయటికి తీసుకెళ్ళి చూపించాను:
నాలుగో స్తంభం, పక్కన రాయి,
రాయెక్కి సముద్రానికి వీపు పెట్టి చెయ్యి పైకెత్తితే
ఒక గీత వస్తుంది,
వాన లేకపోతే.

అతను ఎక్కాడు. చెయ్యెత్తాడు.
అడ్డంగా మొదలైంది వాన.
నేను స్తంభానికి చెవి ఆనించాను.
వేగుతోంది.