ఆలస్యంగ రాసిన వరుస

మా ఊరి పశువుల బుక్కు నా దగ్గరనే ఉంటది.
అట్టకు యూరియా సంచి కుట్టిన, వానకు నానకుండ.
గళ్ల మీద పేర్లన్నీ మరాఠీ అచ్చు,
కింద నేను నింపేది తెలుగు.
సిరోంచ దవాఖాన డాక్టరు
రెండూ కలిపి చదువుకుంటడు, నవ్వుకుంట.

పసుపు బిళ్ల మీద పన్నెండంకెలు.
ఒక్క అంకె తప్పితే
మడావి లింగు ఎద్దు పోయి
ఏ ఊరోళ్ల ఎద్దో అయితది.
అందుకే చెవి పట్టుకొని రెండుసార్లు చదువుత,
ఒకపారి ఎడమకెల్లి, ఒకపారి కుడికెల్లి.
పక్కన నా గుర్తులు రాసుకుంట:
నుదుట చుక్క. తోక కొసకు తెలుపు. కుడి కొమ్ము కిందికి.
"పాలు పిండేటప్పుడు తన్నుతది" అని గూడ రాసిన ఒకదానికి.
డాక్టరు కొట్టెయ్యలే.

ఏడికెల్లి వచ్చింది, ఏడికి పోయింది,
ఈ రెండు గళ్లే కష్టం.
ఎండకాలం ప్రాణహిత మోకాలి లోతు.
అవతల తెలంగాణ, ఇవతల మేము,
గొడ్డుకు ఏ ఒడ్డు గడ్డైనా గడ్డే.
అయినా తోలుకొచ్చినోళ్లు నా ముంగిట్ల ఆగాలె.
ఆగుతరు. కొందరు తిట్టుకుంట ఆగుతరు.
"గొడ్డుకు గూడ పాస్‌పోర్టా బాయక్కా?"

హోలీ అయినంక
లింగు ఎద్దు నోట్లె నురుగు. తెల్లారి కుంటుడు.
మూడొద్దులకు ఎనిమిది పశువులు,
గిట్టల నడుమ పుండ్లు,
గడ్డి పెడితే వాసన చూసి తల తిప్పుకునుడు.
గాలికుంటు.
డాక్టరు చేతులు కడుక్కొని అడిగిండు:
"పదిహేను రోజులల్ల ఊళ్లెకు కొత్తగ ఏదొచ్చింది?"

బుక్కు తెరిచిన. వెనక్కి, ఒక్కొక్క తారీఖు.
దున్నపోతు ఒకటి, అమ్ముడుపోయింది, తిరిగి రాలే.
రెండు మేకలు, పక్కూరికెల్లి.
ఆ మేకలు చూసొచ్చి కావన్నడు.
ఇంకో పేజీ.
పద్నాలుగో తారీఖు కింద
ఒక వరుస ఖాళీ.

ఎందుకు ఖాళీనో నాకు ఎరికే.
ఆ రాత్రి మా అన్న పోశం
నది దాటిచ్చి తెచ్చిండు ఒక ఎర్ర పెయ్యను,
నా పిల్లలు పెద్దగయ్యేటాళ్లకు పాలిస్తదని.
చెవులు రెండూ నిండుగున్నయి, బిళ్ల లేదు.
అన్నకు బువ్వ పెట్టిన, మంచం వేసిన,
రేపు రాస్తననుకున్న.
వరుస మాత్రం విడిచిపెట్టిన,
బస్సుల తువాల వేసి సీటు ఆపినట్టు.
ఊరందరిని ఆపిన ముంగిట్లకెల్లి
నా పెయ్య ఆగకుండ లోపలికి పోయింది.

"పద్నాలుగే వెయ్యి, ఎవరు చూస్తరు"
అన్నడు మా ఆయన, చెవుల పడేటంత మెల్లగ.
నేను ఇయ్యాల్టి తారీఖు వేసిన.
ఎర్ర పెయ్య, ఒకటి. ఏడాదిన్నర. బిళ్ల లేదు.
వచ్చింది పద్నాలుగున, రాత్రి, నది అవతలికెల్లి.
తెచ్చింది నా అన్న. ఉన్నది నా కొట్టంల.
ఆలస్యంగ రాసినది.
పైన కిందా నల్ల సిర, నడుమ ఇదొక్కటి నీలి.
ఎవరు చూసినా తెలుస్తది. తెల్వాలె.

ఇరవయ్యొక్క రోజులు ఏ గొడ్డూ ఊరు దాటొద్దన్నడు డాక్టరు.
అప్పుడే అమ్మకానికి బేరమాడుకున్నోళ్లు
నా దిక్కు చూడలే.

లింగుకు చదువు రాదు.
వరుస మీద వేలు పెట్టి అడిగిండు: "గిదేనా?"
"గిదే."
ఆ వేలు చానసేపు అక్కడ్నే ఉన్నది.
తిడతడనుకున్న. తిట్టినా బాగుండు.

"నా ఎద్దుది గూడ రాసినవా?"
"రాసిన."
"ఒకపారి చదువు."
పన్నెండంకెలు చదివిన, నిదానంగ.
తల కొంచెం వంచి విన్నడు,
ఆఖరి అంకె దాకా.
తర్వాత బకిట్ల మందునీళ్లు పట్టుకొని
గిట్టలు కడగ పోయిండు.