పాచి

హోబార్ట్‌లో రోజంతా
ఎవరెవరి పళ్ల పాచో గీకి
చలిలో బస్సు దిగి ఇంటికొస్తే
తొట్టిలో రాళ్లకి మళ్లీ పాచి.

పాత బ్రష్షుతో మోచేతిదాకా
ఉప్పునీళ్లలో దిగి
"ఇంకాస్త తెరవండి" అనబోయి
నాలిక కరుచుకున్నాను.

వారమంతా దీపాన్ని తిట్టాను,
మేత తగ్గించి చేపల్ని పస్తుంచాను.
తీరా చూస్తే
పగడం వెనక జానెడు మేర
నీళ్లకి కదలికే లేదు.
పంపు మూతి రవ్వంత తిప్పితే
మెత్తటి వేళ్లన్నీ ఇటు వాలాయి.
రొయ్య అలిగి బొరియలో దూరింది.
నత్త డాక్టరమ్మ మాత్రం
ఫీజడక్కుండా
అద్దం నాకుతూనే ఉంది.

తెల్లారి మొహమైనా కడుక్కోకుండా వచ్చి వంగితే
గీకిన చోటే గోరంత పచ్చన.
దాని పక్కనే, అద్దంలో,
నా పాచిమొహం.