ఎడమ కొస

మొదటిది లెయిరియాలో చూశాను.
కొత్త రంగు, ఇంకా ఆరని వాసన.
కితేరియు దాని నుదురు తుడిచి
"పెళ్లికూతురిలా లేదూ, దియోలిందా?" అన్నాడు.
రంగు వేసినవాడు మరమేకుల మీద కూడా వేసేశాడు,
విప్పాలంటే ముందు గీకాలి.
పైన పటారం అనుకుని
అతనిచ్చిన కాఫీ తాగి
ధర అడక్కుండా వచ్చేశాను.

ముప్పై ఒక్క ఏళ్లు
మరీన్యా గ్రాంద్‌లో అచ్చులకు మెరుగు పెట్టాను.
బకెట్ల అచ్చులు, కారు దీపాల అచ్చులు,
ఎవరి పిల్లలో స్నానంలో ఆడుకునే
బాతు తాలూకు రెండు సగాలు.
వజ్రపు పొడి ముద్ద, చెక్కపుల్ల, నా బొటనవేలు.
మర చెక్కి వదిలిన గీతలన్నీ
ఈ వేలి కిందే అద్దమయ్యేవి.
మరలున్న గదిలోకి మాత్రం మగవాళ్లే వెళ్లేవాళ్లు.
తలుపు తెరుచుకున్నప్పుడల్లా
నూనె వాసన బయటికొచ్చి
నన్ను పలకరించి పోయేది.

ఇప్పుడు, కారు అమ్మేసిన గరాజులో
నాకో సీఎన్‌సీ మిల్లు కావాలి.
బల్ల మీద పట్టేదైతే చాలు.
ఇంటి కరెంటుతో తిరగాలి,
అరవై ఎనిమిది సెంటీమీటర్ల తలుపులోంచి దూరాలి,
ఊరి బ్యాండులో క్లారినెట్లకు
విరిగిన మీటలు చేసిపెట్టాలి. అంతే.
"అంతేనా!" అని నొర్బెర్తు నవ్వుతాడు.
వ్యాను అతనిది, నవ్వనిచ్చాను.

రెండోది పొంబాల్‌లో, మూసేసిన వృత్తివిద్యా బడిలో.
వాన. స్టోరు తాళాలు జుల్మీరా దగ్గర.
మూలన దుప్పటి కప్పుకుని ఉంది మిల్లు.
సందుసందునా అల్యూమినియం రజను,
కూలెంటు కారి ఎండిన చారలు,
పక్కన ఎవడో కుర్రాడు మేకుతో గీసుకున్న పేరు:
ఎవరిస్తు.
దాంతోపాటే ఓ ముసలి కంప్యూటరు,
తెర మీద ఎవరిదో కుక్క ఫొటో.
అది లేనిదే ఇది కదలదట.
"కుక్కకు వేరే డబ్బులక్కర్లేదు" అంది జుల్మీరా.

స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి స్పిండిలు విన్నాను,
బేరింగులు గొణగలేదు.
సంచిలోంచి డయల్ గేజు తీసి బిగించి
సూదిని సున్నా దగ్గర నిలబెట్టాను.
బల్లను ముందుకు పొమ్మంటే పోయింది.
వెనక్కి రమ్మంటే
కాస్త ఆలోచించింది.
ఆ ఆలోచన ఎంతో సూది చెప్పింది:
మిల్లీమీటరులో వందో వంతులు పన్నెండు.
ఒక వెంట్రుక, లావుపాటిది.

నొర్బెర్తు పెదవి విరిచాడు,
"అరిగిపోయింది. పద."

నేను కదల్లేదు.
ఎడమ కొస స్పిండిలు కిందికి వచ్చేలా
బల్లను జరిపి మళ్లీ కొలిచాను.
రెండు.
కుడి కొస దగ్గర, మూడు.
మళ్లీ మధ్యకొస్తే పన్నెండే.

ఇరవై ఏళ్లపాటు వచ్చిన పిల్లలంతా
మేష్టారు చూపించిన చోటే,
నడిమధ్యనే వైసు బిగించారు.
బడి మెట్లు అరిగినట్టే
లోపలి స్క్రూ కూడా మధ్యలో అరిగింది.
కొసల దాకా ఎవరూ నడవలేదు.
అక్కడ ఇది
ఇంకా పెట్టె విప్పిన రోజునే ఉంది.

జుల్మీరాకు అరుగుదల చూపించాను,
కొసల సంగతి చెప్పలేదు.
పదకొండు వందల యూరోలు
తొమ్మిది వందల దగ్గర ఆగాయి.
వ్యానుకెక్కించి తాళ్లు కట్టాక
మనసొప్పక
వానలోనే వెనక్కి నడిచి అదీ చెప్పేశాను.
ఆమె నన్ను ఎగాదిగా చూసింది.
"డబ్బంతా మునిసిపాలిటీకి పోతుంది తల్లీ,
నాకు మిగిలేవి ఈ తాళాలే.
తడుస్తున్నావు, వెళ్లు."

వైసు ఇప్పుడు ఎడమ కొసన ఉంది.
చూసినవాళ్లు పొరపాటనుకుంటారు.
కుక్క తెర మీంచి చూస్తూ ఉండగా
మొదటి ఇత్తడి మీట తెగి వచ్చింది,
వెచ్చగా, వేలెడంత,
ఒళ్లంతా మర గీసిన సన్నటి గీతలతో.
బొటనవేలు దానంతటదే కదిలింది.
ఆపాను.
ఈ ఒక్కదానికి
మెరుగు పెట్టను.