మూడో నంబరు గది

ముందు తలుపు పట్టేయడం మొదలైంది.
ఫిషింగ్ హార్బర్ వెనక, వలలు ఆరేసే గోడ దాటాక,
రొయ్యల కోల్డ్ స్టోరేజీలో మూడో నంబరు గది.
వడ్రంగి పోలారావు తలుపు అడుగంచు చిత్రిక పట్టి పోయాడు.
నెల తిరక్కుండా మళ్ళీ పట్టేసింది.
మళ్ళీ చిత్రిక.
మూడోసారి వాడు గడప దగ్గర గోళీ పెట్టి వదిలాడు.
గోళీ గదిలోంచి బయటికి దొర్లుకొచ్చింది.
"తలుపుది కాదన్నా తప్పు. నేల లేస్తంది."

నవ్వాం. మే నెల. బయట తారు చెప్పులకంటుకుంటోంది.
విశాఖపట్నంలో నేల లేవడమేంటి,
లేస్తే సముద్రం లేవాలి గానీ.

అమోనియా కంప్రెసర్ దగ్గర నాది పద్దెనిమిదేళ్ళ కొలువు.
చలంటే నాకు గుండ్రటి అద్దం కింద
సున్నాకి ఎడమపక్క వణికే ముల్లు.
ముల్లు నిలబడితే జీతం నిలబడ్డట్టు.
అంతకు మించి దాని సంగతి ఎరగను.

యూనివర్సిటీ నుంచి భూగర్భశాస్త్రం మేడం వచ్చింది, శాంభవి గారు.
కుచ్చిళ్ళు దోపుకుని, నా స్వెట్టరు తొడుక్కుని,
సిమెంటుకి కన్నం వేయించి
మూరెడు మట్టికడ్డీ పైకి లాగించింది.
టార్చి వేస్తే
నల్లమట్టి, మంచు, నల్లమట్టి, మంచు.
మడతకాజా విరిచినట్టు.

"కింద హీటరు తీగ ఎప్పుడు కాలిపోయింది?"
ఎవరూ మాట్లాడలేదు.
"ఏడేళ్ళు," అన్నాను. లాగ్‌బుక్కులో రాసింది నేనే.
చూద్దాంలే అన్నది ఓనరు.
రెండోసారి రాయనిది మళ్ళీ నేనే.

"నీళ్ళు చలికి పారిపోవు, చలివైపే పాకుతాయి.
వత్తిలో నూనె ఎక్కినట్టు మట్టి సందుల్లో ఎక్కి
అక్కడ పలకలు కట్టుకుంటాయి.
ఒక్కోటీ గోరంత. ఏడేళ్ళ గోళ్ళు."

టీ తాగుతూ చెప్పింది.
ఉత్తరాన ఈ గది ఓ దేశమంత ఉంటుందట,
కప్పూ లేదు, తలుపూ లేదు.
నేల ఉబ్బి, దిగి, ఏటేటా లోపలి రాళ్ళని పైకి నెట్టి,
చేటలో చెరిగినట్టు పెద్దవి ఓ పక్కకి, సన్నవి ఓ పక్కకి తీసి
మనిషి లేనిచోట రాళ్ళ ముగ్గు వేస్తుందట.
నెర్రెల్లో నీళ్ళు దిగి మేకుల్లా బిగుసుకుని
మైళ్ళకి మైళ్ళు తేనెపట్టు గళ్ళు గీస్తాయట.
కడుపులో మంచుగడ్డ దాచుకుని గుట్టలు పెరుగుతాయట.
"డాల్ఫిన్ కొండంతా?" అన్నాడు పోలారావు.
"అందులో సగం కూడా కాదు. కానీ అది కరిగితే
గుట్ట ఉన్నచోట గుంట, గుంటలో చెరువు."

బల్ల మీద కడ్డీ అప్పటికే కారిపోతోంది.
పలకల నీళ్ళు గ్లాసులోకి పట్టి
పోలారావు వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.
సముద్రానికి రెండొందల అడుగుల్లో,
"ఉప్పు లేదన్నా."
గడ్డకట్టేటప్పుడు నీరు ఉప్పుని బయటికి తోసేస్తుందట.

గది ఆపేశాం.
లేచినన్నాళ్ళూ చప్పుడు లేదు.
దిగేటప్పుడు రాత్రంతా మూలిగింది,
తలో పక్కకీ, తలో లోతుకీ.
ఇనప అరలు తాగినవాళ్ళలా ఒరిగాయి.
అక్కడ అడవులూ ఇలాగే ఒరుగుతాయంది మేడం ఫోన్లో,
ఇప్పుడిప్పుడు మరీ ఎక్కువగా.
ఆ నేలకి కూడా ఎవరో ఓ లాగ్‌బుక్కు రాసే ఉంటారు.

తలుపు ఇప్పుడు సుఖంగా పడుతోంది.
మూడుసార్లు చిత్రిక పట్టాం కదా,
కింద నాలుగేళ్ళ సందు.
హార్బరు పిల్లి
అందులోంచి వెళ్ళొస్తోంది.