ఎడమ చెవి

మా ఇంట్లో కుర్చీలన్నీ నాన్నకు కుడివైపే.
ఎడమ చెవిని ఆయన ప్యాకెట్ విమానంలో వదిలేసి వచ్చాడు,
రెండు ఇంజన్ల మధ్య, పదకొండేళ్ల హోరులో.
అందుకని మార్కుల కార్డులూ, అప్పులూ, చుట్టాల చావుకబుర్లూ
కుడివైపు నుంచే ఆయన్ని చేరేవి.
ఎడమవైపు అమ్మది.

అమ్మ జలజాక్షి, పర్లాకిమిడి కొమ్ముపని వాళ్ల పిల్ల.
దున్నకొమ్మును సెగ చూపించి
కొంగ మెడలా వంచడం చూస్తూ పెరిగింది,
మాటనీ అలాగే వంచేది.
సాయంత్రం చేటలో బియ్యం పోసుకుని
నాన్న ఎడమ భుజం పక్కన పీట వేసుకుని
రాళ్లతో పాటు అన్నీ ఏరేది:
జోర్హాట్ నుంచి రాని ఉత్తరం,
తమ్ముడు వల్లభ పుట్టినప్పుడు రాని మనిషి,
వచ్చాక కూడా ఇంట్లో అతిథిలా
చెప్పులు గుమ్మం వైపు తిప్పి విడిచే అలవాటు.
"వింటున్నారా, కూర్మనాథం గారూ?" అనేది చివర్లో.
మొగుడి పేరు నోట పలకని వీధిలో
పేరు పెట్టి!
మేం తలుపు చాటున నోరు నొక్కుకుని నవ్వేవాళ్లం.
నాన్న కదలడు.
ఎదురుగా ఉన్న టీవీని అప్పటికే కట్టేయమని ఉంటాడు,
సీరియల్ సగంలో,
అదొక్కటే మాకు కోపం.

టీవీ మీద తాత చెక్కిన విమానం.
"నా బండికి తోకలు రెండు మావయ్యా" అని నాన్న చెబితే
తాత అప్పలస్వామి నవ్వాపుకోలేదట,
"ఏ పిట్టకుందండీ బాబూ, రెండు తోకలు?"
అయినా అల్లుడి మాట.
చెక్కాడు, నల్లగా, నున్నగా.
చూసినవాళ్లంతా రొయ్య అనుకుంటారు.

సెలవుకి నౌపడాలో దిగి చిన్నబండి ఎక్కేవాడు.
కొండల వరసలు గంటలో దాటే మనిషి
ఇంటికి రావడానికి రెండున్నర గంటలు.
టెంబూరు దగ్గర గేదె అడ్డం వస్తే బండి నిలబడేది.
"ఆగడం తెలిసిన బండి" అని మెచ్చుకునేవాడు,
వేరే దేన్నీ అంతగా మెచ్చుకోగా వినలేదు.

పక్కింటి మహారణా గారికి ఆయన ఉడాజాహాజ బాబు.
యుద్ధం సంగతులు అడిగితే
మహేంద్రగిరి వైపు చూపించి
"అయిదువేల అడుగులకి కాస్త తక్కువ,
మబ్బుంటే ఏడువేల మీద పోవాలి" అనేవాడు. అంతే.
ఒక్కటి మాత్రం చెప్పాడు, ఒక్కసారి:
పారాచూట్ విచ్చుకోక ఉప్పుబస్తా
మంచులో పడి పగిలిందట.
"కింద కుర్రాళ్లు
మంచు నాకి చూసుకుని ఉంటారు,
ఎక్కడ ఉప్పో, ఎక్కడ కాదో."

పోయిన చవితికి వల్లభ
బరంపురం తీసుకెళ్లి చెవిలో మిషను పెట్టించాడు,
కందిపప్పంత బ్యాటరీ.
ఆ సాయంత్రం అమ్మ పీట వేసుకుంది, చేట తెచ్చుకుంది,
ఒక్క మాట లేదు.
రాళ్లు పళ్లెంలో పడ్డ చప్పుడు
నాన్న మొదటిసారి విన్నాడు.
కాసేపటికి మిషను తీసి జేబులో వేసుకుని
ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు అన్నాడు:
"ఇంజన్ల హోరులో మాట వినపడదు.
మేం పెదాలు చూసుకునే పనిచేశాం
పదకొండేళ్లు."

మేం టీవీ వైపు చూశాం.
కట్టేసిన గాజులో
కుర్చీ, పీట, చేట,
చేట మీద వంగిన అమ్మ మొహం,
అద్దంలో కంటే స్పష్టంగా.

అమ్మ లేచింది.
పెళ్లినాటి పెట్టెలోంచి కుట్టుపని గుడ్డ తీసి
టీవీ మీద కప్పింది.
రొయ్య కూడా దాని కిందే.
రెండ్రోజులు ఇంట్లో బియ్యం ఏరలేదు,
రాళ్లు పంటికి తగిలినా
ఎవరం పైకి అనలేదు.

మూడో రోజు సాయంత్రం గుడ్డ తీసేసింది.
కొంగుతో గాజు తుడిచింది,
మూలలు కూడా.
పీట లాక్కుని కూచుంది,
ఎడమవైపే.